కదలికతో ఆడే క్రీడా వీడియో గేములు

ఆటగాడి చేతి విసురును, అడుగును, నడుము వంపును యంత్రం గుర్తుపట్టి తెర మీది ఆటగా మార్చే వీడియో గేములను మోషన్ గేములు అంటారు. వాటిలో టెన్నిస్, బౌలింగ్, బ్యాడ్మింటన్, బాక్సింగ్, క్రికెట్ వంటి క్రీడలను అనుసరించేవి ఒక ప్రధాన శాఖ. మామూలు వీడియో గేములో బంతిని కొట్టాలంటే ఏ బటన్ ఎప్పుడు నొక్కాలో ముందు నేర్చుకోవాలి. ఈ ఆటల్లో రాకెట్ తిప్పినట్టు చెయ్యి తిప్పితే చాలు. అందుకే ఎన్నడూ కంట్రోలర్ పట్టుకోని అవ్వ కూడా, రోజూ ఫోన్లో ఆడే మనవడి పక్కన నిలబడి మొదటి రోజే ఆడగలుగుతుంది. 2006లో నింటెండో సంస్థ తెచ్చిన వీ కన్సోల్‌తో ఈ శాఖ ప్రపంచమంతటా ఇళ్ళలోకి వచ్చింది. ఈ వ్యాసం ఆ ఆటల పుట్టుకను, పనితీరును, భారతీయుల, తెలుగువారి ప్రయత్నాలను, తిరుపతి, చిత్తూరు ప్రాంతపు ఇళ్ళలో వాటికున్న చోటును, ఆరోగ్యం మీద వాటి ప్రభావాన్ని పరిచయం చేస్తుంది.

పరిధి, లక్షణాలు

ఇంటిల్లిపాదీ ఆడే మోషన్ గేముకు మూడు లక్షణాలు ఉంటాయి. మొదటిది, ఆటలోని కదలిక నిజమైన క్రీడ నుంచే వస్తుంది. బౌలింగ్ బంతిని చెయ్యి వెనక్కి ఊపి ముందుకు వదలడం, బ్యాడ్మింటన్‌లో తల మీదుగా స్మాష్ కొట్టడం ఎవరికీ ప్రత్యేకంగా నేర్పనక్కరలేదు. రెండోది, ఒక్కో ఆట కొద్ది నిమిషాల్లో ముగుస్తుంది. వంటింట్లో పని చూసుకుంటూ మధ్యలో వచ్చి ఒక వంతు ఆడి వెళ్ళే వీలుంటుంది. మూడోది, ఆడేవాళ్ళూ చూసేవాళ్ళూ ఒకే గదిలో ఉంటారు. ఆడేవారి శరీరమే చూడదగ్గ దృశ్యం కావడంతో, వంతు కోసం కూర్చున్నవాళ్ళకు కూడా విసుగు పుట్టదు.

ఈ ఆటలు నిజమైన క్రీడను పూర్తిగా అనుకరించవు, కొంత భారాన్ని యంత్రం తానే మోస్తుంది. వీ స్పోర్ట్స్ టెన్నిస్‌లో తెర మీది బొమ్మ బంతి దగ్గరికి తనంతట తానే పరుగెత్తుతుంది. ఆటగాడు సరైన క్షణంలో చెయ్యి తిప్పితే చాలు. పరుగు లేకుండా, కొట్టే ఆనందాన్ని మాత్రం ఉంచిన ఈ ఏర్పాటే మోకాళ్ళ నొప్పులున్న పెద్దలను కూడా ఆటలోకి రప్పించింది.

పందెం కాసే ఆన్‌లైన్ ఆటలకూ వీటికీ సంబంధం లేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020లో 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం కూడా డబ్బు పెట్టి ఆడేవాటినే నిషేధించింది. ఇంట్లో సరదాకు ఆడే క్రీడా గేములు ఆ నిషేధాల కిందికి రావు.

తొలి ప్రయత్నాలు

శరీరాన్నే కంట్రోలర్‌గా మార్చాలన్న ఆలోచన వీ కంటే దాదాపు పాతికేళ్ళు ముందుది. 1982లో అటారీ యంత్రం కోసం జాయ్‌బోర్డ్ అనే పలక వచ్చింది. దాని మీద నిలబడి ఎటు ఒరిగితే ఆట అటు సాగేది. 1986లో జపాన్‌లో బండాయ్ సంస్థ ఫ్యామిలీ ట్రైనర్ అనే చాపను తెచ్చింది. దాని మీద పరుగెత్తుతూ, గెంతుతూ ఆడాలి. 1988లో నింటెండో దాన్నే పవర్ ప్యాడ్ పేరుతో అమెరికాలో అమ్మింది. 1989లో మాటెల్ సంస్థ తెచ్చిన పవర్ గ్లవ్ అనే చేతి తొడుగు ప్రచారంలో మెరిసినా ఆటలో మొరాయించింది. 1993లో సెగా తెచ్చిన యాక్టివేటర్ అనే అష్టకోణ చట్రానిదీ అదే దారి. ఇంటి ధరకు దొరికే సెన్సర్లు అప్పట్లో మొరటుగా ఉండేవి. చెయ్యి కదిపినప్పటికీ తెర కదిలినప్పటికీ మధ్య ఎడం వస్తే ఆట మీద నమ్మకం పోతుంది.

1998లో కొనామీ సంస్థ డాన్స్ డాన్స్ రెవల్యూషన్‌తో అడుగుల ఆట నిలబడింది. 2003లో సోనీ ఐటాయ్ అనే చిన్న కెమెరాను ప్లేస్టేషన్ 2కు జతచేసి, ఆటగాడి రూపాన్నే తెర మీద చూపించింది. 2004లో జపాన్‌కు చెందిన ఎస్ఎస్‌డీ సంస్థ జావిక్స్‌పోర్ట్ అనే పరికరాన్ని అమెరికా విపణికి తెచ్చింది. రాకెట్, బంతి ఆకారపు పరికరాలతో టీవీ ముందు ఆడే విధానం అది. ఆలోచన సరైనదే అయినా దానికి తగిన ప్రచారమూ పంపిణీ బలమూ లేకపోయాయి.

ఈలోగా మరో రంగంలో జరిగిన మార్పు దారి సుగమం చేసింది. కారు గుద్దుకున్న క్షణాన్ని పసిగట్టి ఎయిర్‌బ్యాగ్ తెరిచేందుకు 1990ల మొదట్లో అనలాగ్ డివైసెస్ వంటి సంస్థలు సిలికాన్ చిప్పు మీదే వేగంలోని మార్పును కొలిచే యాక్సెలరోమీటర్లను తయారుచేశాయి. కార్ల కోసం వాటిని పెద్దఎత్తున తయారుచేయడంతో ధర పడిపోయింది. అదే సంస్థ చిప్పు తర్వాత వీ రిమోట్‌లోకి చేరింది.

వీ, దాని వారసులు

సతోరు ఇవాతా నాయకత్వంలో నింటెండో, ఎక్కువ శక్తి గల యంత్రం కోసం సోనీ, మైక్రోసాఫ్ట్‌లతో పోటీపడడం మానుకుంది. వీడియో గేములు ఆడనివారినే ఆటగాళ్ళుగా మార్చాలనుకుంది. 2006 నవంబర్ 19న అమెరికాలో, డిసెంబర్ 2న జపాన్‌లో వీ విడుదలైంది. జపాన్, దక్షిణ కొరియా తప్ప మిగతా చోట్ల వీ స్పోర్ట్స్ గేమును యంత్రంతో పాటే ఇచ్చారు. టెన్నిస్, బేస్‌బాల్, బౌలింగ్, గోల్ఫ్, బాక్సింగ్ అనే ఐదు ఆటల ఈ గేము 8.29 కోట్ల ప్రతులు ఇళ్ళకు చేరింది. మొత్తం మీద 10.16 కోట్ల వీ యంత్రాలు అమ్ముడయ్యాయి. ఇంట్లో ప్రతి ఒక్కరికీ తమ పోలికలతో ఒక బొమ్మను తయారుచేసుకునే వీలుండడం, ఆ బొమ్మే కోర్టులోకి దిగడం కుటుంబాలను బాగా ఆకట్టుకున్నాయి.

2007లో వీ ఫిట్ వచ్చింది. బరువునూ ఒరుగునూ కొలిచే బ్యాలెన్స్ బోర్డు దానితో వచ్చేది. 2009లో వీ స్పోర్ట్స్ రిసార్ట్ 12 క్రీడలతో వచ్చి 3.3 కోట్ల ప్రతులు అమ్ముడైంది. రిమోట్‌కు మోషన్‌ప్లస్ అనే జతపరికరం కలిసి, మణికట్టు తిప్పును కూడా తెర పట్టుకోగలిగింది.

పోటీదారులు 2010లో రంగంలోకి దిగారు. సోనీ సెప్టెంబర్‌లో ప్లేస్టేషన్ మూవ్‌నూ స్పోర్ట్స్ ఛాంపియన్స్ గేమునూ తెచ్చింది. మైక్రోసాఫ్ట్ నవంబర్‌లో ఎక్స్‌బాక్స్ 360 కోసం కైనెక్ట్‌ను విడుదల చేసింది. చేతిలో ఏదీ పట్టుకోకుండా ఆడే ఈ పరికరం తొలి 60 రోజుల్లో 80 లక్షలు అమ్ముడై, అతివేగంగా అమ్ముడైన వినియోగ ఎలక్ట్రానిక్ పరికరంగా గిన్నిస్ గుర్తింపు పొందింది. రేర్ సంస్థ రూపొందించిన కైనెక్ట్ స్పోర్ట్స్ దీని ముఖ్యమైన ఇంటి ఆట.

ఆ ఊపు ఎక్కువ కాలం నిలవలేదు. మైక్రోసాఫ్ట్ 2014లో తన తర్వాతి యంత్రం ఎక్స్‌బాక్స్ వన్‌ను కైనెక్ట్ లేకుండా 100 డాలర్లు తక్కువకు అమ్మడం మొదలుపెట్టింది. 2017లో కైనెక్ట్ తయారీనే ఆపేసింది. హైదరాబాద్‌లో పుట్టి, తండ్రి వైపున రాయలసీమలోని అనంతపురం జిల్లా మూలాలున్న సత్య నాదెళ్ల ఆ సంస్థ సీఈఓ అయింది 2014 ఫిబ్రవరిలోనే. ఆయన హయాంలో ఆ సాంకేతికత ఆట గది నుంచి పరిశ్రమల వైపు మళ్ళి, 2019లో అజూర్ కైనెక్ట్ రూపం తీసుకుంది. నింటెండో మాత్రం దారి విడువలేదు. 2017 మార్చిలో వచ్చిన స్విచ్ యంత్రపు జాయ్‌కాన్ కంట్రోలర్లలో కదలిక సెన్సర్లు పెట్టింది. 2019లో రింగ్ ఫిట్ అడ్వెంచర్, 2022 ఏప్రిల్ 29న నింటెండో స్విచ్ స్పోర్ట్స్ విడుదలయ్యాయి. రెండోదానిలో టెన్నిస్, బౌలింగ్‌లతో పాటు బ్యాడ్మింటన్, వాలీబాల్, ఫుట్‌బాల్, చాంబరా కత్తిసాము మొదటి నుంచీ ఉన్నాయి. గోల్ఫ్ ఆ ఏడాది చివర, బాస్కెట్‌బాల్ 2024లో చేరాయి. పి.వి. సింధు, కిడాంబి శ్రీకాంత్‌ల ఆట చూస్తూ పెరిగిన తెలుగు పిల్లలకు ఈ పట్టికలో బ్యాడ్మింటన్ చేరడం విశేషమే.

యంత్రం కదలికను ఎలా పట్టుకుంటుంది

ప్రధానంగా మూడు పద్ధతులున్నాయి. మొదటిది చేతి పరికరంలోని సెన్సర్లది. యాక్సెలరోమీటర్‌లో, సన్నని సిలికాన్ స్ప్రింగుల మీద అతిచిన్న ముద్ద ఒకటి వేలాడుతుంది. పరికరాన్ని ఊపితే ఆ ముద్ద కాస్త వెనకబడుతుంది. ఆ జరుగుబాటు వల్ల విద్యుత్ ధారణలో (కెపాసిటెన్స్‌లో) వచ్చే మార్పును చిప్పు కొలుస్తుంది. ఇది కదలిక జోరును చెప్పగలదు కానీ, పూర్తి చేతి ఊపునూ మణికట్టు విదిలింపునూ ఖచ్చితంగా వేరుచేయలేదు. సోఫాలో పడుకుని మణికట్టుతోనే టెన్నిస్ గెలిచే చిట్కా అందువల్లే పుట్టింది. తిప్పు వేగాన్ని కొలిచే జైరోస్కోపు తోడైతే ఈ లోటు చాలావరకు తీరుతుంది. వీ రిమోట్‌లో యాక్సెలరోమీటర్‌కు తోడుగా పరారుణ కెమెరా కూడా ఉంది. టీవీ పైన పెట్టే పట్టీలో ఉండేవి పరారుణ దీపాలే. వాటిని చూసి తెర ఎటుందో తెలుసుకునే కన్ను రిమోట్ ముందు భాగంలో ఉంటుంది.

రెండో పద్ధతిలో చేతి పరికరాన్ని ఎదురుగా ఉన్న కెమెరా చూస్తుంది. ప్లేస్టేషన్ మూవ్ కొసన వెలిగే రంగు గోళం ఉంటుంది. గోళం అసలు పరిమాణం ముందే తెలుసు కనుక, బొమ్మలో అది ఎంత చిన్నగా కనిపిస్తే అంత దూరంలో ఉందని లెక్కకట్టవచ్చు.

మూడోది శరీరాన్నే చూసే పద్ధతి. తొలి కైనెక్ట్ గది మీద కంటికి కనిపించని పరారుణ చుక్కలను వెదజల్లి, అవి ఎలా చెదిరాయో చూసి దూరాలు తెలుసుకునేది. ఆ దూరాల పటం నుంచి ఒంటిలోని 20 కీళ్ళ స్థానాలను ఊహించే పద్ధతిని కేంబ్రిడ్జ్‌లోని మైక్రోసాఫ్ట్ పరిశోధన కేంద్రం యంత్రాభ్యాసంతో (మెషీన్ లెర్నింగ్‌తో) తయారుచేసింది. ఆ కృషికి 2011లో బ్రిటన్ రాయల్ అకాడమీ ఆఫ్ ఇంజినీరింగ్ మాక్‌రాబర్ట్ పురస్కారం ఇచ్చింది. ఇప్పుడు మామూలు ఫోన్ కెమెరా కూడా ప్రత్యేక పరారుణ పరికరం లేకుండానే ఒంటి కీళ్ళను గుర్తించగలుగుతోంది.

భారతదేశంలో, తెలుగు నేల మీద

భారతీయ విపణికి ఈ ఆటలు చాలావరకు పాశ్చాత్య, జపాన్ క్రీడలతోనే వచ్చాయి. బేస్‌బాల్, గోల్ఫ్ మన ఇళ్ళకు పరాయివి, కావలసింది క్రికెట్. ఆ లోటును గుర్తించిన ముంబయి సంస్థ ట్రైన్ గేమ్స్, ప్లేస్టేషన్ 3 కాలంలో మూవ్ స్ట్రీట్ క్రికెట్ పేరుతో గల్లీ క్రికెట్‌ను మోషన్ గేముగా మలిచింది. పుణెకు చెందిన రోలోక్యూల్ గేమ్స్ 2013లో మరో దారి చూపింది. ఆ సంస్థ మోషన్ టెన్నిస్ గేములో ఐఫోనే రాకెట్, టీవీయే కోర్టు. కన్సోల్ కొనే స్తోమత లేని ఇంటికి కూడా ఫోనులోని సెన్సర్లు ఆ పని చేసిపెట్టగలవని ఇది నిరూపించింది. 2012లో ముంబయిలో మొదలైన స్మాష్ వినోద కేంద్రాలు నిజమైన బ్యాటుతో తెర మీది బౌలర్‌ను ఎదుర్కొనే క్రికెట్ యంత్రాలను ప్రాచుర్యంలోకి తెచ్చాయి.

తెలుగు నేల మీద హైదరాబాద్ ఈ రంగానికి కేంద్రం. 2009లో అక్కడి గేమ్‌శాస్త్ర సంస్థ రూపొందించిన దేశీ అడ్డా అనే గేము కబడ్డీ, గిల్లీదండా (బిళ్ళంగోడు), గాలిపటాల వంటి మన వీధి ఆటలను ప్లేస్టేషన్ 2లోకి తెచ్చింది. అది బటన్లతో ఆడే గేమే, మోషన్ గేము కాదు. అయినా మన ఆటలు తెరకెక్కగలవన్న నమ్మకాన్ని కలిగించింది. తర్వాతి దశాబ్దంలో హైదరాబాద్‌కే చెందిన ప్రోయుగ సంస్థ ఐబీ క్రికెట్ పేరుతో వర్చువల్ రియాలిటీ ఆటను తెచ్చింది. తలకు హెడ్‌సెట్ పెట్టుకుని నిజంగా బ్యాటు తిప్పినట్టే చెయ్యి తిప్పుతూ బంతిని ఎదుర్కోవాలి. కదలికను పట్టుకోవడంలో ఇది ఒక మెట్టు పైనే ఉంది కానీ హెడ్‌సెట్ ఒకరి కళ్ళకే పరిమితం. ఇంటిల్లిపాదీ ఆడాలంటే వంతుల వారీగా తలకు మార్చుకోవలసిందే. ఒకే తెర ముందు నలుగురు కలిసి నిలబడే వీలు దానిలో లేదు.

తిరుపతి, చిత్తూరు ప్రాంతం

2022 ఏప్రిల్ 4న పాత చిత్తూరు జిల్లా విడిపోయి తిరుపతి జిల్లా ఏర్పడింది. ఈ ప్రాంతానికి మోషన్ గేములతో ఉన్న సంబంధం రెండు రకాలు. ఒకటి తయారీ వైపు నుంచి, రెండోది వాడకం వైపు నుంచి.

తయారీ సంగతి చాలామందికి తెలియదు. సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల్లో విస్తరించిన శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ సంస్థ 2015లో షావోమీ ఫోన్ల తయారీ మొదలుపెట్టింది. ప్రపంచానికి వీ యంత్రాలను కూర్చి ఇచ్చిన సంస్థల్లో ఫాక్స్‌కాన్ కూడా ఉంది. డిక్సన్ టెక్నాలజీస్ 2018లో తన తిరుపతి కర్మాగారంలో షావోమీ ఎల్ఈడీ టీవీల తయారీ చేపట్టింది. అంటే మోషన్ ఆటకు కావలసిన రెండు ముఖ్యమైన వస్తువులు, చేతిలోని సెన్సర్ల ఫోనూ ఎదుటి తెరా, ఈ జిల్లా కార్మికుల చేతుల మీదుగా తయారయ్యాయి. విజ్ఞాన పరిశోధన వైపు చూస్తే, 2015లో మొదలైన ఐఐటీ తిరుపతి ఆధ్వర్యంలోని నవావిష్కార్ ఐ-హబ్‌కు జాతీయ స్థాయిలో అప్పగించిన రంగం, వస్తువుల స్థానాన్ని ఖచ్చితంగా గుర్తించే పొజిషనింగ్, ప్రెసిషన్ సాంకేతికతలు. ఏ చెయ్యి ఎక్కడుందో తెలుసుకోవడమే మోషన్ గేములకు ప్రాణం కనుక, ఈ విద్య ఇక్కడికి దూరమైంది కాదు. తయారీ, పరిశోధన రెండూ ఉన్నచోట ఆటల రూపకల్పన కూడా వేళ్ళూనాలని కోరుకోవడం అత్యాశ కాదు.

వాడకం వైపు చూస్తే, నింటెండో యంత్రాలు ఇలాంటి ఊళ్ళకు ఎక్కువగా దిగుమతి దుకాణాల ద్వారానూ, విదేశాల్లో స్థిరపడ్డ బంధువుల పెట్టెల్లోనూ వస్తాయి. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. అమెరికాలో కొన్న వీ అడాప్టరు 120 వోల్టులకే తయారైంది. మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెడితే కాలిపోతుంది. తగిన ట్రాన్స్‌ఫార్మరో, మన వోల్టేజికి సరిపోయే అడాప్టరో వాడాలి. వీ యంత్రానికి ప్రాంతపు తాళం కూడా ఉంది. అమెరికా యంత్రంలో యూరప్ డిస్కు నడవదు. స్విచ్ అడాప్టరు 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకుంటుంది, దాని గేములకు ప్రాంతపు తాళం లేదు.

ఇంట్లో ఆడే ఆటకు ఇక్కడ ప్రత్యేకమైన అవసరం ఉంది. ఏప్రిల్, మే నెలల్లో తిరుపతిలో పగటి ఎండ తరచుగా 40 డిగ్రీలు దాటుతుంది. సరిగ్గా బడి సెలవులప్పుడే పిల్లలు పొద్దున పదింటి నుంచి సాయంత్రం ఐదింటి దాకా ఇంట్లో ఉండిపోవలసి వస్తుంది. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతరకు చుట్టాలు వస్తారు. మిగతా కాలంలోనూ తిరుమల కొండకు వచ్చిన బంధువులు తిరుపతి ఇళ్ళలో దిగుతూనే ఉంటారు. దర్శనం ముగిసి రైలు వేళ దాకా ఇంట్లో ఉండే నాలుగైదు గంటల్లో, ఒకరికొకరు అంతగా పరిచయం లేని పిల్లలనూ పెద్దలనూ కలపడానికి ఒకప్పుడు అష్టాచెమ్మా, వామన గుంటలు, పులి–మేక ఉండేవి. ఇప్పుడు ఎవరి ఫోను వారి చేతిలో ఉంది. కుటుంబ మోషన్ గేము ఆ పాత చోటును కొంతైనా నింపగలదు. ఈ ప్రాంతంలో దాని విలువను ప్రధానంగా ఇక్కడే వెతకాలి.

ఇంటి ఆటగా ఏర్పాటు

చోటే మొదటి షరతు. కైనెక్ట్‌కు ఒక్కరు ఆడాలంటే సుమారు ఆరడుగులు, ఇద్దరికైతే ఎనిమిది అడుగుల దూరం కావాలి. పాత పట్టణ వీధుల్లోని ఇరుకు ఇళ్ళలో అంత ఎడం దొరకడం కష్టం. అలాంటి చోట చేతి పరికరంతో ఆడేవే నయం. పగటిపూట కిటికీ నుంచి నేరుగా పడే ఎండలో పరారుణ కిరణాలు ఉంటాయి. అవి కైనెక్ట్ చూపునూ వీ రిమోట్ గురినీ చెదరగొడతాయి. తెర వేసుకుంటే ఆట కుదుటపడుతుంది.

మొదటి ఆటగా బౌలింగ్ మంచిది. వీ స్పోర్ట్స్‌లో ఒక్క రిమోట్‌నే చేతులు మార్చుకుంటూ నలుగురు ఆడవచ్చు. వంతుల ఆట కావడంతో తొందర ఉండదు, మోకాళ్ళకు పని తక్కువ. పెద్దలు కుర్చీలో కూర్చునే విసరవచ్చు. టెన్నిస్, బ్యాడ్మింటన్‌లకు వేగం కావాలి, ఒక్కొక్కరికి ఒక్కో పరికరం ఉండాలి. బాక్సింగ్ అన్నిటికంటే ఎక్కువగా చెమట పట్టించే ఆట. చిన్నాయన ఎదుట పదేళ్ళ పిల్ల నిలబడినప్పుడు ఆట ఏకపక్షం కాకుండా, జట్లు కట్టడంలోనే సమతూకం చూసుకోవాలి. అనుభవం ఉన్న పిల్లవాడి జతగా కొత్తగా ఆడే పెద్దను పెడితే, నేర్పే బాధ్యత పిల్లవాడి మీద పడుతుంది. ఇంట్లో చిన్నవాళ్ళు పెద్దలకు గురువులయ్యే అవకాశాలు అరుదు. ఈ ఆట ఆ అవకాశాన్ని గౌరవంగా ఇస్తుంది.

ఆరోగ్యం మీద ప్రభావం

కూర్చుని ఆడే గేముల కంటే వీటిలో శరీరం ఎక్కువ శ్రమిస్తుందన్నది నిజం. లివర్‌పూల్ పరిశోధకులు 2007లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించిన అధ్యయనం కౌమార వయస్కుల్లో దీన్ని కొలిచి చూపింది. అదే అధ్యయనం, నిజమైన క్రీడ ఆడినంత శక్తి ఖర్చు కాదనీ స్పష్టం చేసింది. అమెరికాలోని హ్యూస్టన్‌లో జరిగి 2012లో వెలువడిన మరో అధ్యయనంలో, పిల్లలకు చురుకైన వీ గేములు ఇచ్చి వదిలేస్తే వారి మొత్తం శారీరక శ్రమ పెరగలేదని తేలింది. 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల మధ్యస్థ లేదా తీవ్ర శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ అవసరాన్ని టీవీ ముందు తీర్చామనుకోవడం పొరపాటు. ఎండ తగ్గాక పిల్లలు శ్రీ శ్రీనివాస క్రీడా సముదాయానికో, ఊరి మైదానానికో వెళ్ళవలసిందే.

పునరావాస వైద్యంలో ఈ ఆటల మీద మంచి పరిశోధన జరిగింది. పక్షవాతం తర్వాత చేతి కదలిక తిరిగి తెచ్చుకునేందుకు వీ యంత్రాన్ని వాడి చూసిన కెనడా పరిశోధకుల తొలి అధ్యయనం 2010లో, అది సురక్షితమని, ఆచరించదగినదని తేల్చింది. 141 మంది రోగులతో జరిగి 2016లో లాన్సెట్ న్యూరాలజీలో వెలువడిన పెద్ద అధ్యయనం మరింత విలువైన సంగతి చెప్పింది. పేకాట, బింగో, బంతి ఆట వంటి మామూలు కాలక్షేపాలతో వ్యాయామం చేసినవారికీ వీతో చేసినవారికీ ఫలితంలో తేడా లేదు. చేతిని మళ్ళీమళ్ళీ వాడడమే మందు, పరికరం ఏదైనా సరే. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం (టీటీడీ) 1985లో నెలకొల్పిన బర్డ్ ఆసుపత్రి, 1993లో మొదలైన స్విమ్స్ వంటి చోట్ల చికిత్స పొంది ఇంటికి తిరిగొచ్చిన రోగుల కుటుంబాలకు ఇది ధైర్యమిచ్చే మాట. ఖరీదైన యంత్రం లేకున్నా, మనవళ్ళతో రోజూ ఆడే ఏ ఆటైనా ఫిజియోథెరపిస్టు సలహాతో సాధనకు తోడవుతుంది.

భద్రత

వీ విడుదలైన తొలి వారాల్లోనే, ఊపులో రిమోట్లు చేజారి టీవీలు పగిలాయన్న వార్తలు వచ్చాయి. నింటెండో 2006 డిసెంబర్‌లో 32 లక్షల మణికట్టు తాళ్ళను మరింత దళసరివాటితో ఉచితంగా మార్చింది. తాడు బిగించుకోవడం ఈ ఆటల్లో తప్పనిసరి. ఆడే చోట పైన తిరిగే ఫ్యాను, పక్కన గాజు బల్ల, వెనక తిరుగాడే పసిపిల్లలు లేకుండా చూసుకోవాలి. నున్నటి గచ్చు మీద సాక్సులతో గెంతితే జారుతుంది. వీ టెన్నిస్ అదే పనిగా ఆడి భుజం పట్టేసిన ఉదంతం 2007లోనే ఒక ప్రముఖ వైద్య పత్రికకు ఎక్కింది. ఇంట్లో ఆడుతున్నా ముందు కాస్త ఒళ్ళు విరుచుకోవడం, అరగంటకోసారి ఆగడం మంచిది. కెమెరాతో ఆడే పరికరాల్లో బొమ్మలు ఎక్కడికి చేరుతున్నాయో, గోప్యత అమరికలు ఏమిటో ఇంటి పెద్దలు ముందే చూసుకోవాలి.

లోటు, ముందుదారి

ఈ శాఖ ఇంకా నింపుకోవలసిన ఖాళీ మన ఆటలదే. బిళ్ళంగోడులో కర్రతో బిళ్ళ కొసను తట్టి, అది గాలిలోకి లేచిన క్షణంలో కొట్టాలి. ఫోన్‌లోని యాక్సెలరోమీటరు, జైరోస్కోపు కలిసి ఈ రెండు దెబ్బలను సులభంగా గుర్తించగలవు. గాలిపటం దారాన్ని వదలడం, లాగడం, కోయడం చేతి చిన్న కదలికలే. ఏడుపెంకులాటలో పెంకుల దొంతరను గురిచూసి కొట్టడం బౌలింగ్ కంటే కష్టమైన పనేం కాదు. గోళీల ఆటలో వేలి మీటు చాలా సూక్ష్మం కనుక ఇప్పటి చేతి పరికరాలకు కొరుకుడు పడదు, దానికి కెమెరా కావాలి. కబడ్డీ అన్నిటికంటే కష్టం. కూతతో ఊపిరి బిగబట్టడాన్ని మైకు వినగలదు, అడుగును కెమెరా చూడగలదు. ఒకరినొకరు పట్టుకోవడాన్ని మాత్రం ఏ సెన్సరూ సృష్టించలేదు. అందుకే కబడ్డీ మైదానానిదే, మిగతావి ఇంటికి రాగలవు.

అలాంటి ఆట ఇక్కడి ఇళ్ళకు నిజంగా పనికిరావాలంటే కొన్ని షరతులు తీరాలి. ప్రత్యేక కన్సోల్ లేకుండా ఇంట్లో ఉన్న ఫోనుతో, టీవీతో నడవాలి. ఐదడుగుల చోటులో ఆడగలగాలి. ఇంటర్నెట్ తెగినా ఆగకూడదు. సూచనలు తెలుగులో, వీలైతే చిత్తూరు యాసలో వినబడాలి, అప్పుడు చదువు రాని అవ్వ కూడా ఎవరినీ అడగకుండా ఆడుకోగలదు. పందెం, ప్రకటనలు, లోపల కొనుగోళ్ళు ఉండకూడదు.

దీనికి అవసరమైన సాంకేతికత ఏదీ కొత్తగా కనుగొనవలసింది కాదు. రోలోక్యూల్ ఫోనును రాకెట్‌గా వాడి చూపింది, గేమ్‌శాస్త్ర మన ఆటలను తెరకెక్కించింది, ప్రోయుగ క్రికెట్ ఊపును పట్టుకుంది. ఈ మూడు పాఠాలను కలిపి, ఇంటిల్లిపాదికీ సరిపోయే ధరలో పెట్టే రూపకర్తలు రావడమే మిగిలింది. వీ వచ్చాక దాదాపు ఇరవై ఏళ్ళలో మోషన్ గేములు రుజువు చేసింది ఒక్కటే: ఒంటికి ముందే తెలిసిన కదలికను ఆటకు తాళంచెవిగా ఇస్తే వయసు అడ్డురాదు. ఆ కదలిక మన వీధుల నుంచే వచ్చినప్పుడు, బిళ్ళంగోడు ఆడి పెరిగిన తాతలు ఈ తరం పిల్లలకు నేర్పవలసినవారవుతారు. ఆట నేర్పే బాధ్యత రెండు తరాల మధ్య అటూ ఇటూ మారుతున్న ఇంట్లోనే ఈ యంత్రాలకు పెట్టిన ఖర్చు సార్థకమవుతుంది.